మొదటి అడవి కత్తి మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

బుష్‌క్రాఫ్ట్‌లో, అంటే అడవిలో కొద్దిపాటి పనిముట్లతో గడిపే విద్యలో, కొత్తగా అడుగుపెట్టిన మిత్రులు తమ మొదటి కత్తిని నా చేతికిచ్చి "ఇది తెగడం లేదు" అన్నప్పుడు నేను ముందుగా దాని పదును చూడను, వీపు (పదును లేని వెనుక వైపు) మందం చూస్తాను. కత్తిలో కనిపించే లోపాలలో కొన్ని వాడకంలో వచ్చినవైతే, చాలావరకు కొన్న రోజునే దానితో పాటు ఇంటికి వచ్చినవి. అందుచేత ఏ లక్షణాన్ని పరిశీలించాలన్నా, తక్కువ ధరలో దొరికే మంచి మొదటి కత్తి ఎలా ఉంటుందో ముందు తెలిసి ఉండాలి.

స్వీడన్‌లోని మోరా ప్రాంతంలో తయారయ్యే కంపానియన్ అనే కత్తిని ఇందుకు కొలబద్దగా తీసుకోవచ్చు. దాని అలుగు పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, మందం 2.5 మిల్లీమీటర్లు, అది మడవడానికి వీల్లేని, పిడిలో స్థిరంగా బిగించిన అలుగు. దిగుమతి కారణంగా మన దేశంలో దాని ధర కొంత పెరిగినా, పాశ్చాత్య దేశాల్లో అది ఎంతోకాలంగా తొలిసారి కొనేవారికి అందుబాటులో ఉన్న కత్తి. ఆ కత్తినే కొనాలని నేను అనడం లేదు. మీరు కొనబోయే కత్తి ఈ కొలతలకు ఎంత దూరంగా ఉందో చూసుకోమంటున్నాను.

లక్షణం: పుల్ల చెక్కబోతే కత్తి కొరకకుండా జారిపోతోంది, లేదా లోతుగా దిగి పుల్లను చీల్చేస్తోంది

వేలి మందం ఉన్న ఎండుపుల్లను తీసుకుని, అలుగును దాదాపు పడుకోబెట్టి ముందుకు తోయండి. పొట్టు ఉంగరంలా చుట్టుకుంటూ లేస్తే కత్తి బాగున్నట్లు. అలా కాకుండా మొరటు ముక్కలుగా ఊడిపోతే రెండు కారణాలు ఉండవచ్చు.

మొదటిది అలుగు మందం. ఐదారు మిల్లీమీటర్ల మందంతో, వీపు మీద రంపపు పళ్లతో, చూడగానే యుద్ధానికి సిద్ధంగా ఉన్నట్లు కనిపించే కత్తులు తక్కువ ధరకే దొరుకుతాయి. నేను మొట్టమొదట కొన్నది కూడా అటువంటిదే. అంచు ఎంత పదునుగా ఉన్నా, దాని వెనుక ఉన్న మందమైన లోహం చెక్కలోకి దిగగానే సీలలా పనిచేసి, కోత అంచు కంటే ముందే చెక్కను విడదీస్తుంది. కోయవలసిన కత్తి చీల్చడం మొదలుపెడుతుంది. సానరాయి మీద దానిని పలచన చేయడం సాధ్యమే గాని రోజుల తరబడి పని. ఆ కత్తిని కంపకొట్టడానికి ఉంచుకుని, చెక్కుడు పనికి మూడు మిల్లీమీటర్లకు మించని అలుగు ఉన్న కత్తి కొనుక్కోవడమే మేలు.

రెండవ కారణం సాన పట్టిన తీరు. మోరా వంటి కత్తుల్లో అలుగుకు రెండు వైపులా ఒక్కొక్క వెడల్పాటి వాలు మాత్రమే ఉండి, ఆ వాలు నేరుగా అంచుతో ముగుస్తుంది. ఈ తీరును స్కాండీ అంటారు. వంటింటి కత్తికి అలవాటుపడిన చేయి, రాయి మీద అలుగును కొద్దిగా పైకెత్తి నూరుతుంది. అలా నాలుగైదుసార్లు జరిగేసరికి అంచు దగ్గర మొద్దుకోణం ఏర్పడి, కత్తి పుల్ల మీద జారుతుంది. దీనిని పట్టుకోవడం తేలిక. వాలు మొత్తానికి మార్కర్ పెన్నుతో సిరా పూసి, రాయి మీద రెండుసార్లు నూరి చూడండి. అంచు పక్కన మాత్రమే సిరా చెరిగితే మీరు పైకెత్తుతున్నారని అర్థం. వాలు మొత్తం రాయిని తాకేలా అలుగును పడుకోబెట్టి, అంచుకు అవతలి వైపున సన్నని గరుకు వేలికి తగిలేదాకా ఒక వైపు, ఆ తరువాత రెండో వైపు నూరాలి. హార్డ్‌వేర్ దుకాణాల్లో రెండు గరుకులతో దొరికే కార్బోరండం రాయి ఈ పనికి చాలు. చివరగా పాత తోలు బెల్టు వెనుక వైపున, అంచు వెనక్కి ఉండేలా లాగుతూ పది ఇరవైసార్లు రుద్దితే ఆ గరుకు పోతుంది.

లక్షణం: పదును ఒక్క పూట కూడా నిలవడం లేదు, అంచు మడుగుతోంది, లేదా పెచ్చులూడుతోంది

ఇక్కడ కత్తి మీద నింద వేసే ముందు చెక్కను చూడాలి. స్కాండీ అంచు బిర్చి, స్ప్రూస్, పైన్ వంటి ఉత్తరదేశపు చెట్ల చెక్కను చెక్కుతూ రూపుదిద్దుకున్నది. మన నల్లతుమ్మ, సండ్ర ఎండిపోయాక ఎంత గట్టిపడతాయో నాగలి చేసే వడ్రంగిని అడిగితే చెబుతారు. వెదురు మరో రకం పరీక్ష: దాని పై పొరలో ఉన్న సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, ఎంత మంచి ఉక్కు అంచునైనా అరగదీస్తుంది. సన్నని అంచుతో వీటి మీద ఒత్తి పనిచేస్తే, మెత్తని ఉక్కు మడుగుతుంది, గట్టి ఉక్కు పెచ్చులూడుతుంది.

దీనికి పరిష్కారం, పైన తప్పన్న పనినే తెలిసి, కొద్దిపాటిగా చేయడం. వాలును పూర్తిగా పడుకోబెట్టి నూరిన తరువాత, సన్నగరుకు రాయి మీద అలుగును రవ్వంత పైకెత్తి, ఒత్తిడి లేకుండా వైపుకు మూడు నాలుగుసార్లు మాత్రమే లాగాలి. కంటికి ఆననంత సన్నని రెండో వాలు ఏర్పడి అంచుకు బలాన్నిస్తుంది. గట్టి చెక్కను పచ్చిగా ఉన్నప్పుడే చెక్కడం, అలుగును చెక్కలో ఉంచి పక్కకు మెలితిప్పకపోవడం కూడా అంతే ముఖ్యం. అభ్యాసానికి మెత్తని చెక్క కావాలంటే, కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి ఎంత హాయిగా తెగుతుందో ఒకసారి చూడండి. కార్ఖానా తుక్కు నుంచి ఒక ముక్క దొరికినా ఒక సాయంత్రం గడిచిపోతుంది.

చెక్క మెత్తనిదే అయినా పదును నిలవకపోతే, ఆ కత్తిని ఎవరి చేత సాన పట్టించారో గుర్తుచేసుకోండి. వీధుల్లో తిరిగే సానచక్రం మీద నీళ్లు లేకుండా ఒత్తి పట్టినప్పుడు సన్నని అంచు క్షణాల్లో వేడెక్కుతుంది. అంచు వెంట నీలిరంగు కనిపిస్తే అక్కడి ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాకా కాగినట్లు. సాధారణ కార్బన్ ఉక్కుకు కొలిమిలో ఇచ్చిన గట్టిదనం ఆ వేడికి తగ్గిపోతుంది. ఆ నీలిభాగం అంతా అరిగిపోయేదాకా చేతిరాయి మీద నూరడం తప్ప ఇంట్లో చేయగలిగింది లేదు. చక్రం పట్టేవారి నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. కత్తిపీటకూ కొడవలికీ ఆ పద్ధతి సరిపోతుంది గాని, సన్నని స్కాండీ అంచుకు సరిపడదు.

లక్షణం: అలుగు రంగు మారింది

నలుపు, బూడిద రంగులు వేరు, ఎర్రని తుప్పు వేరు. మామిడికాయ కోసిన పాత ఇనుప కత్తిపీట నల్లబడితే మన ఇళ్లలో ఎవరూ కంగారుపడలేదు. కార్బన్ ఉక్కు కత్తి మీద ఏర్పడే ఆ నల్లని పొర, ఎర్ర తుప్పును కొంతవరకు అడ్డుకుంటుంది కూడా. వేలికి గరుకుగా తగిలే ఎర్రని మచ్చలను మాత్రం సన్నని ఉప్పుకాగితంతో, రెండు చుక్కల నూనె వేసి రుద్ది తీసేయాలి. సాధారణంగా కారణం తడి ఒరే. కత్తిని తుడిచి, ఒరలోపల నీరు ఉండగానే అందులో దోపితే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. తోలు ఒరలో నెలల తరబడి నిల్వ ఉంచకూడదు. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవారు, రోజూ తుడిచే ఓపిక లేనివారు, మొదటి కత్తిని స్టెయిన్‌లెస్ ఉక్కులోనే తీసుకోవాలన్నది నా అభిప్రాయం. కార్బన్ ఉక్కు ఎక్కువ పదునెక్కుతుందన్న మాటను పట్టుకుని వారు తుప్పుతో బాధపడనవసరం లేదు.

లక్షణం: కట్టె చీల్చాక పిడిలో అలుగు కదులుతోంది

అలుగును కట్టె మీద ఆనించి, దాని వీపును మరో కర్రతో కొట్టి చీల్చే పద్ధతిలో భారమంతా పిడిలోకి దిగిన ఇనుప తోక మీద పడుతుంది. చవక కత్తుల్లో ఆ తోక పొట్టిగా ఉంటుంది. కంపానియన్‌లో కూడా అది పిడి చివరిదాకా రాదు. చెక్క పిడి వదులైతే అలుగును ఊడదీసి, రంధ్రాన్ని శుభ్రపరచి, ఎపాక్సీ జిగురుతో తిరిగి బిగించవచ్చు. ప్లాస్టిక్ పిడి వదులైతే ఆ కత్తిని ఇక చీల్చే పనికి వాడకండి. ముందుజాగ్రత్త ఏమిటంటే, అలుగు మొన రెండు మూడు సెంటీమీటర్లు బయటికి కనిపించేంత సన్నని, ముడులు లేని కట్టెనే ఎంచుకోవాలి. మొదటి పగులు రాగానే చెక్క సీలలు దిగగొట్టి మిగతా పని వాటికి అప్పగించాలి. అంతకంటే లావు కట్టెకు గొడ్డలి ఉంది.

లక్షణం: వానలో మడత కత్తి తెరుచుకోవడం లేదు

ఫ్రాన్స్‌కు చెందిన ఒపినెల్ కత్తుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. బీచి చెక్క పిడి తడికి ఉబ్బి అలుగును బిగబడుతుంది. బిగింపు ఉంగరాన్ని తెరిచి, పిడి చివరను గట్టి చెక్క మీద తట్టితే అలుగు కొద్దిగా బయటికి వస్తుంది. ఇంటికి వచ్చాక పూర్తిగా ఆరబెట్టి కీలు దగ్గర నూనె పట్టించాలి.

లక్షణం: ఫెర్రో రాడ్ నుంచి నిప్పురవ్వలు రావడం లేదు

ఫెర్రో రాడ్ అంటే కత్తి వీపుతో గీకితే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీ. కొత్త రాడ్ మీద ఉండే నల్లని పూతను ముందుగా గీకి తీసేయండి. అప్పటికీ రాకపోతే కత్తి వీపు గుండ్రంగా ఉన్నట్లు. ఆకురాయితో వీపు మీద వేలెడు పొడవు మేర రాసి, దాని మూలలను పలక అంచులా పదునెక్కించాలి. ఆ ప్రయత్నంలో కోత అంచుతో గీకడం మాత్రం చేయకండి.

లక్షణం: అటవీ తనిఖీ కేంద్రం వద్ద కత్తిని ఆపారు

కారణం చట్టంలోనే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కత్తులను పేరుపెట్టి చేర్చింది; ముందస్తు లిఖితపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లడాన్ని 31వ సెక్షన్ నిషేధిస్తుంది. నల్లమలకో పాపికొండలకో వెళ్లేటప్పుడు కత్తి ఇంట్లోనే ఉండాలి. అభ్యాసానికి సొంత పొలమో, అనుమతి ఇచ్చిన మిత్రుల తోటో చాలు. బ్రిటన్‌లో చదువుకుంటున్న మన విద్యార్థులు మరో విషయం గమనించాలి. అక్కడ తగిన కారణం లేకుండా బహిరంగ స్థలంలో వెంట ఉంచుకోదగినది, బిగింపు లేకుండా మడిచే, కోత అంచు 3 అంగుళాలకు మించని కత్తి మాత్రమే. శిబిరానికి వెళ్లేటప్పుడు స్థిరమైన అలుగు ఉన్న కత్తిని సంచి అడుగున సర్ది, తిరిగి రాగానే ఇంట్లో పెట్టేయాలి.

లక్షణం: నడుస్తుండగా కత్తి ఒరలోంచి జారుతోంది

దీనిని దుకాణంలోనే పరీక్షించవచ్చు. కింద ఎవరి కాళ్లూ లేకుండా చూసుకుని, ఒరను తలకిందులు చేసి రెండుసార్లు విదిలించండి. కత్తి ఊడివస్తే కొనకండి. ఇప్పటికే కొన్నదైతే, పిడి మీదుగా ఒరకు సైకిల్ ట్యూబు పట్టీ ఒకటి బిగించండి.