సాధువైన చిలుక హఠాత్తుగా కరుస్తుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

నిన్నటిదాకా భుజం మీద కూర్చుని చెవి కొరికి ఆడుకున్న పక్షి ఇవాళ చేయి చాపగానే రక్తం వచ్చేలా కరిచిందంటే, పెంచేవారు సాధారణంగా అడిగేది దానిని ఎలా మాన్పించాలన్న ఒక్క మాటే. మాన్పించడం తరువాతి సంగతి. ముందు తెలియవలసింది అది ఎవరిని, ఏ వేళలో, ఇంట్లో ఏ చోట కరుస్తోందన్నది. ఈ మూడింటినీ ఒక వారం పాటు కాగితం మీద రాసి పెట్టుకున్న వారికి కారణం సగం దొరికినట్టే. అయితే ఎక్కువ మంది ఆ పని చేయకుండా పక్షికి పొగరెక్కిందని తీర్మానించేస్తారు.

ఇక్కడ చెప్పేదంతా కాకటీల్, బడ్జీ, లవ్‌బర్డ్, సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే వంటి విదేశీ జాతులకు సంబంధించినది. మన రామచిలుకను ఇంట్లో బంధించి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కనుక దాని జోలికి పోవడం లేదు. పక్షిని వేలి మీదికి ఎక్కించుకోవడం, పంజరం శుభ్రం చేయడం వంటివి చదివేవారికి తెలుసుననే అనుకుంటున్నాను.

మొదట త్రాసు తీయండి

కరుస్తున్న వీడియోలు ఎందరో చూపిస్తారు, పక్షి బరువెంతో మాత్రం అడిగితే చెప్పలేరు. అన్నిటికంటే తేలికైన పరీక్ష ఇదే, అందరూ దాటవేసేదీ ఇదే. చిలుకలు జబ్బును చివరిదాకా దాచిపెడతాయి, ఎందుకంటే అడవిలో నీరసంగా కనిపించిన పక్షి మీదే డేగ కన్ను పడుతుంది. ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చునే సరికి జబ్బు చాలా ముదిరి ఉంటుంది. దానికి ఎంతో ముందే, నొప్పిగా ఉన్న పక్షి తనను ముట్టుకోవద్దని చెప్పడానికి ముక్కును వాడుతుంది.

వంటింట్లో వాడే, ఒక్కో గ్రాము తేడా చూపే డిజిటల్ త్రాసు చాలు. పొద్దున మొదటి రెట్ట వేసిన తరువాత, గింజలు పెట్టకముందు తూచాలి. ఎదిగిన బడ్జీ సుమారు 30 నుంచి 40 గ్రాములు, కాకటీల్ సుమారు 80 నుంచి 110 గ్రాములు తూగుతాయి గానీ, ఈ లెక్కల కంటే మీ పక్షి మామూలు బరువెంతో మీకు తెలిసి ఉండడం ముఖ్యం. అందులో పదో వంతు తగ్గిందంటే ఇక కోపం గురించి ఆలోచించడం మానేసి, పక్షులను చూసే పశువైద్యుని దగ్గరకు ఆ రోజే తీసుకువెళ్లాలి. రెట్టను కూడా చూడండి: ముదురు రంగు చుట్ట, దాని మీద తెల్లని సున్నం వంటి భాగం, చుట్టూ కొద్దిగా నీరు ఉండాలి. ఆ తెల్లని భాగం పచ్చగానో ఆకుపచ్చగానో మారితే అది వైద్యుడు చూడవలసిన విషయం. ముందు రోజు బీట్‌రూటో దానిమ్మో పెట్టి, ఎర్రని రెట్ట చూసి కంగారు పడవలసిన పని లేదు.

బరువు, రెట్ట బాగుంటే తరువాత చూడవలసినది నిద్ర. చిలుకకు రోజూ పది నుంచి పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. పంజరం హాల్లో ఉండి, టీవీ రాత్రి పదకొండు దాకా మోగుతూ ఉంటే, పైన దుప్పటి కప్పినంత మాత్రాన పక్షి నిద్రపోదు. సాయంత్రం పూటే ఎక్కువగా కరిచే పక్షిని ఒక వారం పాటు ఏడు, ఏడున్నరకల్లా వేరే గదిలో చీకట్లో పడుకోబెట్టి చూడండి. చాలా ఇళ్లలో వ్యవహారం ఇక్కడితోనే ముగిసిపోతుంది.

కుండ, పెట్టె, టీవీ బల్ల వెనుక సందు

ఆరోగ్యం బాగుండి, నిద్ర సరిపోతూ ఉండి, అయినా పక్షి మారిపోయిందంటే నా అనుమానం వెంటనే పోయేది గూడు మీదికి. చూడడానికి ఇది అసలు కారణంలాగే కనిపించదు కనుక, నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఏమార్చినదీ ఇదే.

పక్షుల దుకాణంలో బడ్జీలనో లవ్‌బర్డ్స్‌నో కొంటే పంజరంతో పాటు పక్కన రంధ్రం ఉన్న మట్టి కుండను కూడా చేతిలో పెడతారు. పక్షి పడుకోవడానికి ఇల్లు కావాలి కదా అని మనమూ ముచ్చటపడి కడతాము. చాలా చిలుకలు పడుకోవడానికి గూట్లోకి పోవు, కొమ్మ మీద కూర్చుని నిద్రపోతాయి. గూడు వాటికి ముఖ్యంగా గుడ్లు పెట్టడానికే. కాబట్టి పంజరంలో కుండ వేలాడదీయడమంటే పక్షి ఒంటికి ఏడాది పొడవునా సంతాన కాలం నడుస్తోందని చెప్పడమే. గుడ్డతో కుట్టిన గుడారాలు, సగానికి కోసిన కొబ్బరి చిప్పలు, ఆడుకోవడానికి ఇచ్చిన అట్టపెట్టె, అన్నీ ఆ కోవలోవే. ఆ ఒంటి మార్పు వచ్చిన పక్షి తన చోటును కాపాడుకోవాలని చూస్తుంది, ఆ చోటు వైపు వచ్చిన చేయి ఎవరిదైనా దానికి శత్రువే.

కుండ లేకపోయినా గూడు ఉండవచ్చు, ఇబ్బంది అంతా అక్కడే. ఒక ఇంట్లో ఆడ కాకటీల్ ఇంట్లో అందరితోనూ బాగుండి, ఆ ఇంటి ఇల్లాలిని మాత్రం కరిచేది. కొత్త గాజులు చూసి బెదురుతోందని ఇంటిల్లిపాదీ అనుకుని ఆమె చేత గాజులు తీయించారు, అయినా కరుస్తూనే ఉంది. ఎప్పుడెప్పుడు కరిచిందో రాయించి చూస్తే, ప్రతిసారీ ఆమె హాలు ఊడుస్తున్నప్పుడే. టీవీ బల్లను ముందుకు జరిపితే, గోడకూ దానికీ మధ్య ఉన్న జానెడు సందులో సన్నగా చీల్చిన దినపత్రిక ముక్కలు కుప్పగా ఉన్నాయి, వాటి మధ్య ఒక ఈక, గుండ్రంగా నలిగిన చోటు. రోజూ మధ్యాహ్నం పంజరం తలుపు తెరిచి వదిలినప్పుడు అది అక్కడికే పోయేది. ఊడవడానికి అటు వెళ్లేది ఆమె ఒక్కతే కనుక కాట్లన్నీ ఆమెకే పడ్డాయి.

కనుక మీ పక్షి బయట తిరిగే వేళలో దాని వెనకే నడిచి చూడండి. మంచం కింద, సోఫా వెనుక, చీరల బీరువా అడుగు అర, పుస్తకాల వెనుక ఖాళీ, బట్టల బుట్ట, వీటిలో దేనిలోకి దూరి తిరిగి రావడానికి మొరాయిస్తోందో గమనించండి. కాగితాలను పొడుగు పీలికలుగా చీల్చడం ఒక గుర్తు, ఆడ లవ్‌బర్డ్ ఆ పీలికలను నడుము ఈకల్లో దోపుకుని మోసుకుపోవడం మరీ గట్టి గుర్తు. మీ వేలి మీదో అద్దం ముందో తిన్నదాన్ని కక్కి తినిపించబోవడం, తోక పైకెత్తి వంగి కూర్చోవడం, కర్రకో బొమ్మకో పిరుదు రుద్దడం కూడా ఇవే సంకేతాలు. ఆడ పక్షి రాత్రంతా రెట్ట ఆపుకుని పొద్దున ఒకేసారి పెద్దగా వేయడం, ఆడ బడ్జీకి ముక్కు పైన రంధ్రాల చుట్టూ ఉండే మెత్తని భాగం ముదురు గోధుమ రంగుకు తిరిగి పొలుసులు కట్టడం గుడ్లకు సిద్ధమవుతోందని చెబుతాయి.

దీనికి తోడుగా మనం తెలియకుండా చేసే పనులు ఇంకా ఉన్నాయి. మన ప్రాంతంలో పగటి పొడవు శీతాకాలంలో దాదాపు పదకొండు గంటలు, వేసవిలో పదమూడు. అదే పొద్దున ఆరుకు తెల్లవారి రాత్రి పదకొండు దాకా ట్యూబ్‌లైటు వెలిగితే పక్షి లెక్కలో అది పదిహేడు గంటల పగలు. కాకటీల్, బడ్జీల పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి మెట్ట ప్రాంతం. వాన పడి గడ్డి గింజలు విరివిగా దొరికినప్పుడు అవి అక్కడ గూడు కడతాయి. ఎప్పుడూ పొంగిపొర్లే గింజల గిన్నె, వేడి వేడి పప్పన్నం ముద్ద, రోజూ మొలకలు వాటికి వానాకాలం వచ్చేసిందని చెబుతాయి. ఇక ప్రేమతో చేసే పొరపాటు ఒకటుంది: తల, మెడ నిమిరితే ఫరవాలేదు గానీ, వీపు మీద, రెక్కల కింద, తోక మొదట్లో నిమిరేది దాని జత పక్షి. అలా నిమిరి, అది మిమ్మల్ని జతగా ఎంచుకున్నాక, ఇంట్లో రెండో మనిషిని కరిస్తే తప్పు దానిది కాదు.

సరిచేయడానికి అన్నీ ఒకేసారి చేయాలి, ఒకటి చేసి ఒకటి వదిలేస్తే ఫలితం కనిపించదు. కుండ, గుడారం, పెట్టె, అద్దం తీసేయండి. సందులను అట్టతోనో పాత దిండుతోనో మూసేయండి. పంజరం అడుగున కాగితం వేసేవారు దానికి అందకుండా జాలీ కింద వేయండి. రోజూ పన్నెండు గంటల చీకటి ఇవ్వండి. పొద్దుతిరుగుడు గింజలు బాగా తగ్గించి, కొర్రలు, సజ్జలు రోజుకు సరిపడా కొలిచి రెండు పూటలా పెట్టండి, వాటితో పాటు తోటకూర, మునగాకు, క్యారెట్ వంటివి ఇవ్వండి. పస్తు పెట్టమని కాదు, తిండిని ఆకుల్లో దాచి కొంచెం వెతుక్కునేలా చేస్తే దాని ఒంట్లోని శక్తికీ ఒక పని దొరుకుతుంది. పంజరంలో కర్రలు, గిన్నెల చోట్లు మార్చడం, పంజరాన్నే వేరే గోడకు జరపడం కూడా తన చోటు అన్న పట్టును సడలిస్తాయి.

మొదటి నాలుగైదు రోజులు పక్షి పోయిన చోటు కోసం వెతుకుతూ మరింత చికాకుగా ఉండవచ్చు, ఆగి చూడండి. సాధారణంగా రెండు మూడు వారాలలో తేడా తెలుస్తుంది. ఈలోగా పంజరం లోపల చేయి పెట్టి బయటకు లాగవద్దు. ఒక కర్ర అందించి దాని మీదికి ఎక్కించుకుని, గూడు కనిపించని వేరే గదిలోకి తీసుకుపోయి ఆడించండి.

ఇప్పటికే గుడ్లు పెట్టి ఉంటే వాటిని తీసి పారేయకండి, తీసేసిన కొద్దీ ఆ లోటు పూడ్చడానికి అది మరిన్ని పెడుతుంది. మగ పక్షి లేకపోతే ఆ గుడ్లు పిల్లలు కావు, ఉంటే వాటి స్థానంలో ప్లాస్టిక్ గుడ్లు పెట్టండి. మూడు వారాలకు కాస్త అటూ ఇటూగా పక్షికే వాటి మీద ఆసక్తి పోతుంది, అప్పుడు తీసేయవచ్చు. ఈ కాలంలో కటిల్‌బోన్ (సున్నం కోసం పక్షులు కొరికే సముద్రజీవి ఎముక) ముక్క తప్పక అందుబాటులో ఉండాలి. ఉత్త గింజల తిండితో సున్నం చాలక గుడ్డు లోపల ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. పక్షి పంజరం అడుగున ఈకలు ఉబ్బించి కూర్చుని, ముక్కుతూ, ఊపిరికి తోక ఎగరేస్తూ ఉంటే నూనె రాయడం, లాగడం వంటి ఇంటి వైద్యాలు చేయకుండా వెచ్చగా ఉంచి వెంటనే వైద్యుని దగ్గరకు పరుగెత్తాలి.

ఒక మాట అదనంగా: ఇదంతా పక్షి ఈడు వచ్చిన మొదటిసారి మరీ తీవ్రంగా ఉంటుంది. కాకటీల్‌కు ఏడాది లోపే, సన్ కన్యూర్‌కు రెండేళ్లకు, ఆఫ్రికన్ గ్రేకు మూడు నుంచి ఐదేళ్లకు ఆ సమయం వస్తుంది. "పిల్లప్పుడు ఎంత బాగుండేదో" అంటూ అమ్మేయడానికి బేరం పెట్టేవారి పక్షులు చాలావరకు ఆ వయసులోనే ఉంటాయి.

మిగిలిన కారణాలు

ఈకలు రాల్చి కొత్తవి మొలిపించుకునే రోజుల్లో తల, మెడ నిండా ముళ్లలాంటి ఈక మొలకలు ఉంటాయి. వాటిని నొక్కితే నొప్పి. కొన్ని వారాలు నిమరడం తగ్గించి, రోజూ స్నానానికి నీళ్లు పెడితే సరిపోతుంది.

భయంతో కరిచే పక్షి ముందుగా వెనక్కి జరుగుతుంది. కాకటీల్ అయితే తల మీది కుచ్చు నిటారుగా లేపి ఒళ్లు సన్నగా బిగిస్తుంది. కోపంతో కరిచేదైతే కుచ్చు వెనక్కి అంటిపోయి ఉంటుంది, ముందుకే వస్తుంది. కిటికీ బయట పిల్లి, దీపావళి టపాసులు, కొత్త టోపీ, జుట్టుకు వేసిన రంగు, ఏదైనా కారణం కావచ్చు. దాన్ని తీసేసి నాలుగు రోజులు వదిలేయండి.

వేలి మీద ఎక్కే ముందు ముక్కుతో పట్టి చూడడం కాటు కాదు, ఆధారం గట్టిగా ఉందో లేదోనని చేసే పరీక్ష. అప్పుడు వేలు వెనక్కి లాగేవారి దగ్గర పక్షి నిజంగానే గట్టిగా పట్టుకోవడం నేర్చుకుంటుంది. అలాగే కరిచినప్పుడు కేకలు వేస్తే కొన్ని చిలుకలకు అది వినోదం. ముక్కు మీద కొట్టడం వల్ల ఇంతవరకు ఏ చిలుకా మంచిది కాలేదు. మాట్లాడకుండా దాన్ని దగ్గరలో ఉన్న కుర్చీ వీపు మీదికి దించి, ఒకటి రెండు నిమిషాలు పక్కకు తిరగండి.

నాసిరకం జింకు పూత కమ్మీలను కొరికి విషం ఎక్కడం, కాలేయ జబ్బు, ఈకలు రాలే వైరస్ రోగాలు వంటివీ కారణం కావచ్చు. అవి వస్తే సాధారణంగా కోపం ఒక్కటే కాక బరువులోనో రెట్టలోనో ఈకల్లోనో తేడా కనిపిస్తుంది, ఇంట్లో తేల్చగలిగేవి కావు. వైద్యుని దగ్గరకు వెళ్లేటప్పుడు వారం రోజుల బరువుల చీటీ, పంజరం ఫోటో, ఆ రోజు రెట్ట పడిన కాగితం వెంట పట్టుకెళ్లండి.