ఫోర్ వీల్ పడట్లేదా? ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పించే ముందు ఇవి చూడండి

వానకు తడిసిన నల్లరేగడిలో బండి దిగబడుతుంది. నాబ్‌ను 4హెచ్‌కు (నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగేది) తిప్పితే లైటు మినుకుమినుకుమంటుందే తప్ప ముందు చక్రాలు లాగవు. లేదంటే గట్టున పడ్డాక ఎంత తిప్పినా ఫోర్ వీల్ విడవదు. పికప్ నడిపేవాళ్లలో చాలామందికి ఈ టెన్షన్ తెలుసు. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ కానివ్వండి, టొయోటా హైలక్స్ కానివ్వండి, పార్ట్-టైమ్ ఫోర్ వీల్ (అవసరమైనప్పుడే వేసుకునేది) ఉన్న బండ్ల పద్ధతి దాదాపు ఒకటే.

షెడ్డుకు తీసుకెళ్లగానే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేరు బాక్సు) దించాలి అంటారేమో, వెంటనే సరే అనకండి. బాక్సు లోపలి పళ్లు, చైను అరగడం కన్నా బయటి వైరు, మోటారు, వాక్యూమ్ (గాలి పీల్పు) పైపు, టైర్లు ఇబ్బంది పెట్టడమే ఎక్కువ. వీటిలో చాలావరకు మీరే చూసుకోవచ్చు.

ముందు పని జరిగే వరుస తెలుసుకోండి. మీరు నాబ్ తిప్పితే కంట్రోల్ యూనిట్‌కు సంకేతం వెళ్తుంది. అది ట్రాన్స్‌ఫర్ కేస్ మీదున్న చిన్న మోటారును తిప్పుతుంది. మోటారు లోపలి ఫోర్కును (గేరును జరిపే ముక్క) జరిపి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (ముందు యాక్సిల్‌కు బలం తీసుకెళ్లే కడ్డీ) కలుపుతుంది. చాలా బండ్లలో దీని తర్వాత ముందు యాక్సిల్ కూడా విడిగా కలవాలి. ఈ వరుసలో ఎక్కడ ఆగిందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

1. వేసే పద్ధతి సరిగా ఉందా?

2హెచ్ (వెనక చక్రాలు మాత్రమే లాగేది) నుంచి 4హెచ్‌కు చాలా బండ్లలో నడుస్తుండగానే మార్చవచ్చు. ఎంత వేగం దాకా అన్నది మీ మాన్యువల్లో ఉంటుంది. స్టీరింగ్ నిటారుగా ఉండాలి, యాక్సిలరేటర్ మీద కాలు తీయాలి. వెనక చక్రాలు బురదలో గిర్రున తిరుగుతుండగా మాత్రం వేయకండి.

4ఎల్ (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో లాగేది) సంగతి వేరు. హైలక్స్ లాంటి వాటిలో బండి పూర్తిగా ఆపి, మాన్యువల్ గేరైతే క్లచ్ తొక్కి, ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి. లీవరు ఉన్న జీప్ గ్లాడియేటర్‌కు మాత్రం గంటకు 3–5 కి.మీ. వేగంతో మెల్లగా కదులుతూ న్యూట్రల్‌లో మార్చమంటారు. ఆగి ఉన్నప్పుడు పళ్లకు పళ్లు ఎదురుపడితే లీవరు దిగదు, కొంచెం కదిలితే దిగుతుంది. లైటు మినుకుతుంటే కూడా చాలాసార్లు కారణం ఇదే. నాబ్ మళ్లీ మళ్లీ తిప్పకుండా, రెండు మూడు మీటర్లు ముందుకో వెనక్కో నిదానంగా పోనిచ్చి చూడండి.

2. పడింది, విడవట్లేదు

దీనికి ముఖ్య కారణం తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వాడటం. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరగాలి. పార్ట్-టైమ్ వ్యవస్థలో మధ్యన డిఫరెన్షియల్ (వేగాల తేడాను సర్దే గేర్ల అమరిక) ఉండదు కాబట్టి ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగంతో తిరిగి తీరాలి. మట్టిలో అయితే టైరు కాస్త జారి ఆ తేడాను సరిచేస్తుంది. తారు మీద జారదు. ఆ బలమంతా షాఫ్టుల్లో, గేర్లలో మెలిపడి నిలుస్తుంది. స్టీరింగ్ బరువెక్కడం, మలుపులో బండి ఎవరో పట్టి లాగినట్టు ఆగడం దాని గుర్తులు.

ఇలా బిగిసినప్పుడు లీవరు మీద బలం చూపకండి, ఫోర్కు వంగుతుంది. నాబ్ 2హెచ్‌లో పెట్టి స్టీరింగ్ నిటారుగా ఉంచి పది మీటర్లు రివర్స్‌లో రండి. తరచుగా ‘టక్’ మని విడుస్తుంది. విడవకపోతే ఒక పక్క చక్రాలను కంకర మీదకో మట్టి మీదకో దించి మళ్లీ చేయండి.

3. టైర్లు

ఎవరూ పట్టించుకోనిది ఇదే. ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ అరిగినవైతే చుట్టుకొలతల్లో తేడా వచ్చి, నిటారుగా పోతున్నా మెలి పడుతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే తీరు అరుగుదల ఉండాలి. గాలి మాన్యువల్లో చెప్పినంత పెట్టాలి.

4. మోటారు మాట వినండి

ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టి, రేడియో, ఏసీ ఫ్యాను కట్టేయండి. గేరు విషయంలో మీ బండికి కావలసిన షరతు పాటించి ఒకరు నాబ్ తిప్పుతుంటే, ఇంకొకరు బయట బండి పక్కన నిలబడి చెవి పెట్టాలి. ‘గిర్ర్’ మని ఒకటి రెండు సెకన్లు చప్పుడొస్తే మోటారుకు కరెంటు అందుతోంది. అసలు చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత బ్యాటరీ చూడండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. బాగా తగ్గితే కంట్రోల్ యూనిట్ మార్పుకు ఒప్పుకోకపోవచ్చు.

అవి రెండూ బాగుంటే మోటారు కనెక్టర్ విప్పండి. బండి అడుగున బురద నీళ్లు నేరుగా తగిలే చోట ఉంటుంది కాబట్టి పిన్నుల మీద పచ్చటి చిలుం కనిపించవచ్చు. బ్యాటరీ టెర్మినల్ తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తని బ్రష్‌తో రుద్ది, ఆరాక గట్టిగా బిగించండి. కొత్త మోటారు కొనే ముందు ఈ పని తప్పకుండా చేయాలి. లీవరు బండి అయితే లింకేజీ బుష్షులు (లీవరు కడ్డీల కీళ్ల దగ్గరి తొడుగులు) చూడండి. అవి అరిగితే లీవరు చివరిదాకా పోదు, బరువు పడగానే గేరు జారిపోతుంది.

5. లైటు వెలిగింది, ముందు చక్రాలు లాగట్లేదు

ఇక్కడ అనుమానం ముందు యాక్సిల్ మీదకు పోవాలి. సమతలం మీద బండి ఆపి హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టండి. 4హెచ్ వేసి లైటు నిలకడగా వెలిగాక ఇంజన్ ఆపండి. ముందు భాగం లేపి స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి అడుగుకు దూరవద్దు. ఇప్పుడు ఒక ముందు చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిశలో తిరిగితే యాక్సిల్ కలిసినట్టే. రెండోది కదలకుండా ఇది ఒక్కటే వదులుగా తిరిగితే కలవలేదు. ఈ పరీక్షలో ఇంజన్ స్టార్ట్ చేయనే వద్దు.

యాక్సిల్‌ను వాక్యూమ్‌తో కలిపే బండ్లలో రబ్బరు పైపులు వేడికి ఎండి చిట్లుతాయి, ఎలుకలు కూడా కొరుకుతాయి. పైపు పొడవునా చేత్తో తడిమి, మలుపుల దగ్గర వంచి చూడండి. అమెరికాలో మనవాళ్లు నడిపే 2004 తర్వాతి ఫోర్డ్ ఎఫ్-150లో చాలావాటికి వాక్యూమ్ పని తిరగబడి ఉంటుంది. హబ్బును (చక్రం మధ్య భాగాన్ని) యాక్సిల్ నుంచి విడదీసి ఉంచేదే వాక్యూమ్. పైపు లీకైతే 2హెచ్‌లో ఎత్తు ఎక్కుతుండగానే ముందు చక్రాల దగ్గర గరగర మంటుంది. ఆ చప్పుడుతో అలాగే నడిపితే హబ్బు పళ్లు పోతాయి.

6. ఇంతవరకూ ఏమీ దొరకకపోతే

ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ దింపించండి. నల్లటి పేస్టు కాస్త అయస్కాంతానికి అంటితే భయం లేదు. లోహపు ముక్కలు కనిపిస్తే బాక్సు విప్పక తప్పదు. కొత్త ఆయిల్ మాన్యువల్లో రాసిన గ్రేడే పోయించండి. కొన్ని బాక్సులకు గేర్ ఆయిల్, కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) పడుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి పోస్తే షిఫ్టింగ్ ఇంకా మొండికేస్తుంది. చవక స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే చదువుతాయి కాబట్టి, ఫోర్ వీల్ యూనిట్ కోడ్‌లు కూడా చదివే స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లండి.

బండి బాగయ్యాక వానాకాలం దాకా ఫోర్ వీల్‌ను మరచిపోకండి. నెలకు కనీసం 16 కి.మీ. ఫోర్ వీల్‌లో నడపమని టొయోటా మాన్యువళ్లు చెబుతాయి. ఆ కిలోమీటర్లు చేల బాటలోనో మట్టి రోడ్డు మీదో పూర్తి చేయండి.