నెలలు నిండని బిడ్డకు సీసా మాన్పించి తల్లిపాలు అలవాటు చేయడం ఎలా?

ఎస్‌ఎన్‌సీయూలో (ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగం) కొన్ని వారాలు ఉండి ఇంటికి వచ్చిన బిడ్డ సీసాతో తాగుతుంటే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే: "ఆ సీసా అవతల పారెయ్యి. ఆకలైతే అదే రొమ్ము పట్టుకుంటుంది." నెలలు నిండి మూడు కిలోలతో పుట్టిన బిడ్డ దగ్గర ఈ పంతం చెల్లుతుందేమో గానీ, రెండు కిలోలు కూడా లేని బిడ్డ దగ్గర ప్రమాదం. ఆకలేస్తే ఏడ్చి గోల చేసే శక్తి ఆ బిడ్డకు ఇంకా రాలేదు. నీరసించి నిద్రపోతుంది. చూసేవాళ్లు కడుపు నిండి పడుకుందనుకుంటారు.

కాబట్టి సీసా తీసేయడం ఈ పనిలో ఆఖరి మెట్టు. మొదటి మెట్టు తల్లికి పాలు తగ్గకుండా చూసుకోవడం.

లెక్క ఎక్కడి నుంచి వేయాలి?

చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి తడబడకుండా సాగడం 34వ వారం దగ్గర మొదలవుతుంది. చాలామంది బిడ్డల్లో 37 వారాలు దాటాక గానీ కుదురుకోదు. బిడ్డ పుట్టిన రోజు పక్కన పెట్టి, డాక్టర్ మొదట చెప్పిన కాన్పు తేదీని చూడండి. 32 వారాలకు పుట్టిన బిడ్డకు ఇప్పుడు నెల నిండిందంటే, లెక్క ప్రకారం ఇంకా తల్లి కడుపులోనే ఉండాలి. రెండు నిమిషాలు చప్పరించి నిద్రపోయిందంటే అది మొండితనం కాదు, మీ పాలు నచ్చకా కాదు. కాన్పు తేదీ దగ్గరపడే కొద్దీ, ఒక్కోసారి అది దాటిన తరువాత, బలం వస్తుంది.

మొదలుపెట్టే ముందు బిడ్డను చూస్తున్న పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. తల్లిపాలలో కలపమని పొడి ఇచ్చి ఉంటే దాన్ని సొంతంగా ఆపవద్దు. విటమిన్ డి, ఐరన్ చుక్కలూ అంతే.

పాలు తగ్గకుండా చూసుకోవడం

బిడ్డ రొమ్మును పూర్తిగా ఖాళీ చేయలేనంత కాలం ఆ పని మీ చేతులే చేయాలి. రోజుకు ఎనిమిది నుంచి పదిసార్లు పాలు పిండాలి. రాత్రి కనీసం ఒకసారైనా లేవాలి. ఇది కష్టమే, కానీ రాత్రి పిండడం మానేసిన తల్లికి పాలు త్వరగా తగ్గిపోతాయి. చేత్తో పిండేటప్పుడు బొటనవేలు నల్లటి వలయానికి పైన, మిగతా వేళ్లు కింద ఉంచి, ముందు ఛాతీ వైపు నొక్కి, ఆ తరువాత వేళ్లు దగ్గరకు తేవాలి. చనుమొనను లాగితే నొప్పి తప్ప పాలు రావు. పంపు ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

మూత గిన్నెను నీళ్లలో మరిగించి, ఆరబెట్టి, పిండిన పాలను అందులో పెట్టాలి. చల్లటి గదిలో నాలుగు గంటలు ఉంటాయని చెప్పే లెక్క మన ఎండాకాలానికి పనికిరాదు. మే నెలలో నల్లగొండలో ఫ్రిజ్ లేని ఇంట్లో అయితే పిండిన వెంటనే తాగించేయడమే క్షేమం. ఫ్రిజ్‌లో అయితే తలుపు అరలో కాకుండా లోపల వెనక భాగంలో పెట్టి 24 గంటల్లో వాడేయాలి. కరెంటు ఎక్కువసేపు పోయిన రోజు అనుమానం ఉన్న పాలు పారబోయండి. పొయ్యి మీద కాచవద్దు. వేడినీళ్ల గిన్నెలో పాల గిన్నె ఉంచితే చాలు.

పాలు తక్కువ అనిపించగానే డబ్బా కొనే ముందు మన ప్రాంతం సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంటుందో ఇక్కడి వాళ్లకు చెప్పనవసరం లేదు. మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తల్లిపాలలోకి మాత్రం, తల్లి ఏ నీళ్లు తాగినా, ఫ్లోరైడ్ చాలా స్వల్పంగానే చేరుతుంది. డాక్టర్ డబ్బా పాలు రాసి ఉంటే, బోరు నీళ్లు కాకుండా మిషన్ భగీరథ నల్లా నీళ్లు మరిగించి చల్లార్చి, డబ్బా మీద చెప్పిన కొలతతో కలపండి.

ఇక బాలింత పథ్యం. నీళ్లు తక్కువ తాగాలని, పప్పు తినకూడదని చెప్పే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా నీళ్లు, రెండు పూటలా కడుపునిండా అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు కావాలి. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం బాలింతలకూ ఉంది, మొహమాటపడకుండా వెళ్లండి.

ఒంటికి ఒళ్లు ఆనించడం

రొమ్ము పట్టించే ముందు బిడ్డకు రొమ్ము దగ్గర ఉండడం అలవాటు కావాలి. డైపర్, టోపీ తప్ప మరేమీ లేకుండా బిడ్డను మీ ఛాతీ మధ్య నిలువుగా ఆనించి, మెత్తటి పాత చీరతో కట్టుకోండి. తల ఒక పక్కకు తిరిగి, ముక్కు కనబడుతూ ఉండాలి. దీన్నే ఆసుపత్రిలో కంగారూ సంరక్షణ అంటారు. రోజుకు ఎనిమిది గంటలకు తగ్గకుండా ఉంచాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఒక్క తల్లే అన్ని గంటలూ కూర్చోలేదు కాబట్టి నాన్న, అమ్మమ్మ వంతులు తీసుకోవచ్చు. ఎండాకాలంలో పైన దుప్పటి అక్కర్లేదు.

రొమ్ము పట్టించడం

మొదట్లో పాలు పిండేసిన తరువాత రొమ్ము ఇవ్వండి. ధార లేకుండా చప్పరించడం నేర్చుకుంటుంది, పొలమారే భయం ఉండదు. రెండు మూడు రోజులు సాఫీగా సాగితే పిండకముందు ఇవ్వండి.

ఏడిచే దాకా ఆగవద్దు. పెదాలు చప్పరించడం, చెయ్యి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పడం చూడగానే మొదలుపెట్టండి. అవేవీ లేకపోయినా రెండు మూడు గంటలకొకసారి లేపాలి. బట్టలు వదులు చేసి, అరికాళ్లు మెల్లగా నిమిరితే లేస్తుంది.

కుడి రొమ్ము ఇస్తుంటే బిడ్డను ఎడమ చేతి మీద అడ్డంగా పడుకోబెట్టి, ఆ అరచేత్తో మెడను, భుజాలను ఆనించండి. తల వెనక భాగాన్ని ముందుకు నొక్కవద్దు. చెవి, భుజం, నడుము ఒకే గీతలో ఉండాలి. కుడి చేత్తో రొమ్ము పట్టుకుని, నోరు పెద్దగా తెరిచినప్పుడు చనుమొనతో పాటు కింది వైపు నల్ల భాగం కూడా లోపలికి వెళ్లేలా దగ్గరకు తీసుకోండి. సీసాకు అలవాటుపడిన బిడ్డకు వెంటనే పాలు రావాలి, ఓపిక తక్కువ. కొంచెం పిండి చేపుకు వచ్చాక పట్టిస్తే ఆ గొడవ సగం తగ్గుతుంది. చప్పరించడం ఆగినప్పుడు రొమ్మును మెత్తగా నొక్కి పట్టుకోండి. మళ్లీ మింగుడు వినబడుతుంది. పెదాలు నీలిరంగుకు తిరిగినా, ఊపిరి ఆగినట్లున్నా వెంటనే తీసేయండి.

అరగంట మించి పెట్టుకోవద్దు. ఆ తరువాత చేసే శ్రమకు తాగిన పాలే ఖర్చవుతాయి.

తరువాత పట్టే పాలు

రొమ్ము తరువాత పిండిన పాలు పట్టాలి. మామూలుగా కిలో బరువుకు రోజుకు 150 నుంచి 180 మిల్లీలీటర్లు కావాలి. రెండు కిలోల బిడ్డకు ఎనిమిది సార్లకు పంచితే ఒక్కోసారి 40 మిల్లీలీటర్ల అటూ ఇటూ. డాక్టర్ వేరే లెక్క ఇచ్చి ఉంటే అదే పాటించండి.

సీసా బదులు ఉగ్గుగిన్నె వాడగలిగితే మేలు, శుభ్రం చేయడమూ తేలిక. బిడ్డను సగం కూర్చోబెట్టి, గిన్నె ముక్కును పెదవి అంచుకు ఆనించి కొద్దికొద్దిగా అందించాలి, నోట్లో పోసేయవద్దు. సీసానే వాడాల్సివస్తే నెమ్మదిగా కారే పాలపీక తీసుకుని, సీసాను దాదాపు అడ్డంగా పట్టుకుని, కొన్ని గుక్కలకొకసారి ఆపండి. ఈ పని అమ్మమ్మకో నానమ్మకో అప్పగిస్తే ఆ సమయంలో మీరు పాలు పిండుకోవచ్చు. లేకపోతే ఈ పనులన్నీ మీ మీదే పడి నిద్ర ఉండదు.

తూకం చూసి తగ్గించడం

వారానికి రెండుసార్లు ఒకే తూకం మీద, బట్టలు లేకుండా బరువు చూడండి. ఆశా కార్యకర్త లేదా ఏఎన్ఎం సాయం చేస్తారు. కాన్పు తేదీ దాటిన బిడ్డ రోజుకు సగటున 20 నుంచి 30 గ్రాములు పెరుగుతూ, రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తుంటే పగటిపూట ఒక విడతలో రొమ్ము తరువాత పట్టే పాలు కొంచెం తగ్గించండి. బిడ్డ హుషారుగా ఉండే ఉదయం విడతతో మొదలుపెట్టడం నయం. రెండు మూడు రోజులు చూసి బరువు నిలబడితే మరో విడత. పెరుగుదల మందగిస్తే వెనక్కి రండి, అందులో ఓటమేమీ లేదు. రాత్రి విడతలను ఆఖరున తగ్గించండి.

బరువు పెరగకపోవడం, మూత్రం తగ్గడం, లేపినా తాగకపోవడం, ఒళ్లు చల్లబడడం లేదా కాలడం, డొక్కలు ఎగరేయడం, కామెర్లు పెరగడం కనిపిస్తే తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం మాత్రం ఏ పరిస్థితిలోనూ పట్టవద్దు.