సెనెకా విలేజ్ కథ మన పిల్లలకి చెప్పాలంటే ఎక్కడ మొదలెట్టాలి

న్యూయార్క్‌లో సెంట్రల్ పార్క్ ఉంది కదా, సినిమా పాటల్లో అందరం చూసిందే, ఆ పచ్చగడ్డి కింద ఒకప్పుడు ఒక ఊరు ఉండేది. పేరు సెనెకా విలేజ్. నల్లజాతి వాళ్ళు సొంత డబ్బుతో స్థలాలు కొనుక్కుని ఇళ్ళూ చర్చిలూ బడీ కట్టుకున్న ఊరు. నేను గాజువాకలో మా వీధి పిల్లలకి ఆదివారం పూట చరిత్ర చెప్తుంటాను, ఈ కథ ఇప్పటికి నాలుగైదుసార్లు చెప్పాను, ఎలా చెప్తే పిల్లల్లోకి దిగిందో రాస్తున్నా, మీరూ మీ ఇంట్లోనో స్కూల్లోనో చెప్పుకోవచ్చు.

ముందుగా ఒక్కటి గట్టిగా చెప్తాను. ఊరు కూల్చేశారు అన్న దగ్గర మొదలెట్టకండి. మొదటిసారి నేను అలాగే మొదలెట్టా, పిల్లలు "అయ్యో పాపం" అన్నారు, అంతే, పావుగంటలో మర్చిపోయారు. జాలి మిగిలింది గానీ మనుషులు మిగల్లేదు. రెండోసారి స్థలం కొన్న రోజుతో మొదలెట్టా, అప్పుడు పిల్లలే ప్రశ్నలు అడగడం మొదలెట్టారు.

అంటే ఇలాగన్నమాట. 1825 సెప్టెంబర్‌లో ఆండ్రూ విలియమ్స్ అనే పాతికేళ్ళ కుర్రాడు, బూట్లు పాలిష్ చేసుకుని బతికేవాడు, వైట్‌హెడ్ అనే దంపతుల దగ్గర 125 డాలర్లకి 3 ప్లాట్లు కొన్నాడు. ఆ వెంటనే ఎపిఫనీ డేవిస్ అనే ఆయన 578 డాలర్లు పెట్టి 12 ప్లాట్లు కొన్నాడు, ఏఎంఈ జయాన్ (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ జయాన్, నల్లజాతి క్రైస్తవుల సంఘం) చర్చి వాళ్ళు కూడా కొన్నారు. ఇక్కడ ఆగి పిల్లల్ని అడగండి, అప్పటికి న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం పోయిందా లేదా అని. పోలేదు, పూర్తిగా రద్దయింది 1827 జులై 4న. అంటే ఇంకా కొందరు బానిసలుగా ఉన్న రోజుల్లోనే వీళ్ళు రిజిస్ట్రేషన్ కాగితం మీద తమ పేరు రాయించుకున్నారు. ఇది చెప్పినప్పుడు మా దగ్గర ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ఓటు సంగతి చెప్పాలి, ఇది వదిలేస్తే స్థలం విలువ అర్థం కాదు. 1821 రాజ్యాంగం ప్రకారం ఆ రాష్ట్రంలో నల్లజాతి మగవాళ్ళకి 250 డాలర్ల ఆస్తి ఉంటేనే ఓటు, తెల్లవాళ్ళకి మాత్రం ఆ ఆస్తి షరతు తీసేశారు. కాబట్టి అక్కడ స్థలం అంటే ఉత్త ఇల్లు కాదు, ఓటు కూడా. డాలర్లని ఇప్పటి రూపాయల్లోకి మార్చి చెప్పొద్దు, లెక్క కుదరదు, 125 పక్కన 250 బోర్డు మీద రాయండి చాలు, పిల్లలకే తెలుస్తుంది.

మ్యాప్ తప్పనిసరి. పార్కు పడమటి వైపు 82వ వీధి నుంచి 89వ వీధి దాకా, చాక్‌పీస్‌తో నేల మీద గీసి పిల్లల్ని అందులో నిలబెట్టండి. 1855 సెన్సస్ నాటికి సుమారు 225 మంది, మూడింట రెండొంతులు నల్లజాతి వాళ్ళు, మిగతావాళ్ళలో ఎక్కువమంది ఐర్లాండ్‌లో కరువొచ్చి వలసొచ్చినవాళ్ళు. చర్చిలు 3, ఒక స్కూలు, శ్మశానాలు. ఆల్ ఏంజెల్స్ చర్చిలో రెండు రకాల వాళ్ళూ కలిసే ప్రార్థన చేసేవాళ్ళు.

మాటల దగ్గర జాగ్రత్త. మన పాత తెలుగు పుస్తకాల్లో వాడిన "నీగ్రో" అనే మాట వద్దు, అలాగే అందరినీ "విడుదలైన బానిసలు" అనొద్దు, అక్కడ స్వేచ్ఛగా పుట్టినవాళ్ళూ ఉన్నారు. అప్పటి పేపర్లు ఆ ఊరిని గుడిసెల మురికివాడ అనీ, ఆక్రమణదారులనీ రాశాయి, ఆ మాటలు చదివి వినిపించి, వెంటనే స్థలాలు కొన్న కాగితాల సంగతి వాటి పక్కనే చూపించండి. ఏది నమ్మాలో మీరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మాత్రమే కూల్చివేతకి రండి. 1853 జులైలో పార్కు కోసం భూమి తీసుకునే చట్టం వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 4న ఏఎంఈ జయాన్ వాళ్ళు తమ కొత్త చర్చికి పునాది రాయి వేశారు, అందులో ఒక పెట్టె పెట్టి బైబిలూ, పాటల పుస్తకమూ, ఆనాటి పేపర్లూ దాచారు. చట్టం వచ్చిన రెండు వారాలకి పునాది రాయి! ఈ ఒక్క సంగతి చెప్పడానికి కావాలంటే ఐదు నిమిషాలు తీసుకోండి, తొందరపడొద్దు. ఆండ్రూ విలియమ్స్ తన ఇల్లూ 3 ప్లాట్లకీ 3,500 డాలర్లు కావాలన్నాడు, 2,335 ఇచ్చారు. 1857 కల్లా ఊరు మొత్తం ఖాళీ.

2011లో పురావస్తు వాళ్ళు అక్కడ తవ్వారు, విల్సన్ అనే ఆయన ఇంటి పునాది దొరికింది, ఆల్ ఏంజెల్స్ చర్చి బాగోగులు చూసుకునేవాడు, 8 మంది పిల్లలు. ఇనప టీ కెటిల్, పింగాణీ పెంకులు, ఒక చిన్న బూటు కూడా దొరికాయి. టీ కెటిల్ అనగానే పిల్లలు ఇంట్లో పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతారు, నాకైతే ఆ బూటు గురించి చెప్పేటప్పుడు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

ఇక కథ అయ్యాక హోంవర్క్. గాజువాక, అగనంపూడి, వడ్లపూడి వైపు చాలా ఇళ్ళల్లో విశాఖ స్టీల్ ప్లాంటుకి భూమి పోయి పాత ఊరు వదిలొచ్చిన పెద్దవాళ్ళు ఉన్నారు, మా అమ్మమ్మ కూడా అలా వచ్చిందే. పిల్లల్ని ఇంటికెళ్ళి "ఎందుకు పోయింది" అని అడగొద్దనండి, "ఆ ఊళ్ళో మన ఇల్లు ఎవరు కట్టారు, స్థలం ఎవరి దగ్గర కొన్నారు, పక్కింట్లో ఎవరుండేవాళ్ళు, నీళ్ళు ఏ బావిలో తోడేవాళ్ళు" అని అడగమనండి. పాత పట్టా ఉంటే, అడంగల్ నకలు ఉంటే ఫోటో తీసుకోమనండి, తేదీ కనబడేలా. మా అమ్మమ్మ ముందు ఏమీ గుర్తులేదమ్మా అంది, బావి గురించి అడిగాక గంటన్నర చెప్పింది, ఏ గట్టు మీద ఎవరి తాడిచెట్లు ఉండేవో వరసగా పేర్లతో సహా, నేను పాత లెక్కల నోట్‌బుక్ వెనక పేజీల్లో గబగబా రాసుకున్నా, 41 పేర్లొచ్చాయి.