ఫర్నేస్ హ్యూమిడిఫయర్‌కు చలికాలపు జాగ్రత్తలు
షికాగో, మినియాపోలిస్ వంటి చలి ప్రాంతాల్లో ఫర్నేస్‌కు (ఇంటిని వేడిచేసే యంత్రం) హ్యూమిడిఫయర్ (గాలికి తేమ కలిపే పరికరం) అమర్చుకున్నవారు, ఏటా హీటింగ్ మొదలుపెట్టే ముందే కరెంటు, నీరు కట్టేసి హ్యూమిడిఫయర్ లోపలి వాటర్ ప్యానెల్‌ను (నీటితో తడిసి, తన గుండా పోయే గాలికి తేమనిచ్చే జల్లెడ లాంటి పలక) మార్చడం మంచిది. నీటిలోని సున్నం తెల్లగా పేరుకుని గట్టిపడిన ప్యానెల్‌ గుండా గాలి సరిగా ఆడదు, ఇంటికి తేమా అందదు. బైపాస్ రకమైతే, అంటే ఫర్నేస్ గాలిలో కొంత ఒక పక్క గొట్టం (డక్టు) ద్వారా హ్యూమిడిఫయర్ గుండా తిరిగి వెనక్కి వెళ్లేదైతే, ఆ డక్టు మీది డ్యాంపర్‌ను (గాలి దారిని మూసే, తెరిచే పలక) కూడా తెరవాలి (చాలామంది మరిచిపోయేది ఇదే). తేమను సాధారణంగా 35 శాతం దగ్గర ఉంచి, బయట ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల ఫారన్‌హీట్‌కు పడిపోయినప్పుడు 25 శాతానికి తగ్గించకపోతే, కిటికీ అద్దాల అడుగున నీరు చేరి చెక్క చట్రాలకు బూజు పడుతుంది. వేసవికి ముందు నీటి వాల్వును, డ్యాంపర్‌ను తప్పక మూసేయాలి. లేదంటే ఏసీ చల్లగాలిలో కొంత గదులకు చేరకుండానే ఆ బైపాస్ డక్టు దారిన వెనక్కి పోతుంది.