హోమ్ థియేటర్ అమరిక: లెక్సికాన్ బాటలో శబ్దాన్ని వేళకు చేర్చడం

కొత్తగా హోమ్ థియేటర్ కొన్నవారు వాట్ల గురించీ, స్పీకర్ల సంఖ్య గురించీ ఎక్కువగా ఆలోచిస్తారు. ఒక్కొక్క స్పీకరు నుంచి బయలుదేరిన శబ్దం కూర్చున్నవారి చెవికి ఎంత సమయం తేడాతో చేరుతున్నదో మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. మన చుట్టూ నుంచి వినిపించే సరౌండ్ శబ్దం కుదరడమూ చెదరడమూ ముందుగా ఈ తేడా మీదే ఆధారపడి ఉంటాయి. దీన్నే ఆధారం చేసుకుని స్టూడియో పరికరాల వ్యాపారం నుంచి ఇళ్లలోకి నడిచి వచ్చిన సంస్థ అమెరికాలోని లెక్సికాన్. ఆ సంస్థ చేసిన పని అర్థమైతే, స్పీకర్లన్నింటికీ శబ్దాన్ని పంచే రిసీవర్ పెట్టె మెనూలోని అంకెలు ఎందుకున్నాయో తెలుస్తుంది కనుక, అమరికలోకి దిగే ముందు దాని సంగతి కొంత చెప్పుకోవాలి.

మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎంఐటీ ఆచార్యుడు ఫ్రాన్సిస్ లీ స్థాపించిన ఈ సంస్థ 1971లో డెల్టా టీ-101 అనే యంత్రాన్ని తెచ్చింది. శబ్దాన్ని అంకెలుగా మార్చి, కొన్ని మిల్లీసెకన్లు పట్టి ఉంచి, తరువాత వదలడమే దాని పని. పెద్ద సభామందిరాల్లో వెనుక వరుసల వారి కోసం పెట్టిన స్పీకరు వేదిక మీది గొంతు కన్నా ముందుగా మోగితే మాట రెండుగా వినిపిస్తుంది. ఆ స్పీకరును కావలసినంత ఆలస్యం చేయడానికి ఇటువంటి యంత్రం అవసరమైంది. ఆ తరువాత భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ గ్రీసింగర్ కృషితో 1978లో 224 అనే డిజిటల్ రివర్బ్ (మారుమోతను పుట్టించే యంత్రం), 1986లో 480ఎల్ వచ్చాయి. అసంఖ్యాకమైన చిన్న చిన్న ఆలస్యాలను ఒకదానిలో ఒకటి కలుపుతూ, చిన్న గదిలో పాడిన గొంతు పెద్ద కచేరీ మందిరంలో పాడినట్టు వినిపించేలా చేయడం వీటి విద్య. ప్రపంచంలోని పెద్ద రికార్డింగ్ స్టూడియోలు వీటిని కొన్నాయి. కానీ పెద్ద స్టూడియోలు ఎన్ని ఉంటాయి? పైగా 1980ల మధ్యకల్లా ఇతర సంస్థల చవక డిజిటల్ రివర్బ్‌లు కూడా అంగళ్లలోకి వచ్చేశాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే వీడియో క్యాసెట్లు, లేజర్ డిస్కుల ద్వారా డాల్బీ సంస్థ పద్ధతిలో శబ్దం నింపిన డాల్బీ స్టీరియో సినిమాలు ఇళ్లకు చేరుతున్నాయి. వాటిలో ఎడమ, కుడి, మధ్య, వెనుక అనే నాలుగు దారుల (చానళ్ల) శబ్దాన్ని రెండు ట్రాకుల్లో ఇమిడ్చి ఉంచేవారు. విడదీసేటప్పుడు అవి పూర్తిగా విడిపోవు. ముందు నుంచి రావలసిన సంభాషణ కొంత వెనుక స్పీకర్లలోకి జారుతుంది. దీనికి డాల్బీ వారు వాడిన ఉపాయం ఆలస్యమే. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వచ్చినప్పుడు, రెండవది ముప్ఫై మిల్లీసెకన్ల లోపు ఆలస్యంగా చేరితే, మన చెవి మొదట చేరిన దిక్కునే శబ్దం పుట్టిన చోటుగా గుర్తిస్తుందని హెల్ముట్ హాస్ 1949లోనే ప్రయోగాలతో చూపించారు. అందువల్ల వెనుక దారిని సుమారు ఇరవై మిల్లీసెకన్లు ఆపితే, అక్కడికి జారిన మాట కూడా తెర వైపు నుంచే వచ్చినట్టు తోస్తుంది. ఆలస్యమే తమ విద్యగా పెరిగిన లెక్సికాన్‌కు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. 1980ల చివర ఆ సంస్థ సీపీ-1 అనే ఇంటి ప్రాసెసర్‌ను విడుదల చేసింది. అది సినిమా శబ్దాన్ని డిజిటల్‌గా విడదీయడమే కాక, సంగీతం వినేటప్పుడు కచేరీ మందిరపు మారుమోతను కూడా గదిలోకి తెచ్చేది. 1993లో హార్మన్ సంస్థ లెక్సికాన్‌ను కొన్నది. రెండు దారుల శబ్దాన్ని ఏడు స్పీకర్లకు పంచే లాజిక్ 7 పద్ధతి గ్రీసింగర్ చేతి మీదుగా వచ్చి, ఆ తరువాత బీఎండబ్ల్యూ, రోల్స్ రాయిస్ కార్లలోకీ ఎక్కింది. నా దృష్టిలో ఆ సంస్థ కొత్త విద్య ఏదీ నేర్వలేదు. చేతిలో ఉన్న విద్యనే స్టూడియో గది నుంచి ఇంటి హాలుకు మార్చింది.

ఇక మన హాలులో చేయవలసిన పని. ముందుగా కూర్చునే చోటు నిర్ణయించుకోండి, స్పీకర్లు ఆ తరువాత. సోఫాను వెనుక గోడకు ఆనించి వేయడం మన ఇళ్లలో మామూలే అయినా, రెండు మూడు అడుగులు ముందుకు జరపగలిగితే వెనుక నుంచి వచ్చే శబ్దం శుభ్రపడుతుంది, గోడ దగ్గర బాసు (లోతైన శబ్దం) అతిగా గుమిగూడటం కూడా తగ్గుతుంది. మధ్య స్పీకరు టీవీకి నేరుగా కిందనో పైననో ఉండి, చెవి వైపు కొద్దిగా వంగి ఉండాలి. ఎడమ, కుడి స్పీకర్లు మధ్య గీత నుంచి ముప్ఫయ్యేసి డిగ్రీల దూరంలో, సరౌండ్ స్పీకర్లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే భుజాలకు కొంచెం వెనుకగా ఉండాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ప్రమాణం చెబుతుంది. సరౌండ్‌లను గది వెనుక మూలల్లో పైకప్పుకు అంటించి బిగించడం ఎక్కువగా కనిపిస్తుంది కానీ, వైరు దాచడానికి తప్ప దానివల్ల వేరే లాభం లేదు.

తరువాత టేపు తీసుకుని, కూర్చున్న మనిషి తల ఉండే చోటు నుంచి ప్రతి స్పీకరు ముఖం దాకా కొలవండి. ముందు స్పీకర్లు 9 అడుగులు, మధ్యది 8 అడుగులు, సరౌండ్‌లు 4 అడుగుల దూరంలో ఉన్నాయనుకుందాం. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక ఒక అడుగు దాటడానికి దానికి ఒక మిల్లీసెకనుకు కాస్త తక్కువ పడుతుంది. ఏ సవరణా చేయకపోతే సరౌండ్ శబ్దం ముందు స్పీకర్ల కన్నా దాదాపు నాలుగున్నర మిల్లీసెకన్లు ముందుగా చెవిని చేరుతుంది. హాస్ చెప్పిన సూత్రం అప్పుడు తలకిందులై, తెర మీద జరిగేది వీపు వెనుకకు లాగినట్టు అనిపిస్తుంది. రిసీవర్ మెనూలో ‘డిస్టెన్స్’ అన్న చోట ఈ మూడు కొలతలూ ఉన్నవి ఉన్నట్టు వేస్తే, అది దగ్గరి స్పీకర్లను లెక్క ప్రకారం ఆపి అన్నింటినీ ఒకే వేళకు చేరుస్తుంది. రిసీవరుతో వచ్చిన మైకు తానే కొలిచినా ఆ అంకెలను టేపుతో ఒకసారి పోల్చి చూడటం మంచిది. లోతైన శబ్దాల కోసమే ఉండే స్పీకరైన సబ్‌వూఫర్‌కు మాత్రం మైకు చెప్పిన దూరం టేపు దూరం కన్నా ఎక్కువగా ఉండవచ్చు. సబ్‌వూఫర్ లోపలి సర్క్యూట్ స్వయంగా కొంత ఆలస్యం చేస్తుంది, ఆ లెక్క కూడా అందులో చేరి ఉంటుంది. దాన్ని దిద్దవద్దు.

ఆ తరువాతి వంతు మోత స్థాయిది. రిసీవరు ఒక్కొక్క స్పీకరులో వేసే హోరు వంటి పరీక్ష శబ్దం కూర్చునే చోట అన్నింటి నుంచీ ఒకే స్థాయిలో, మామూలుగా 75 డెసిబెళ్ల దగ్గర, వచ్చేలా సరిచేయాలి. ఫోనులోని యాప్ అసలు డెసిబెళ్లను కచ్చితంగా చూపకపోయినా స్పీకర్ల మధ్య తేడాను పట్టడానికి పనికి వస్తుంది. చిన్న స్పీకర్లయితే, శబ్దాన్ని వాటికీ సబ్‌వూఫర్‌కూ విడదీసే హద్దు అయిన క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర ఉంచి, దాని కిందిదంతా సబ్‌వూఫర్‌కు అప్పగించండి.

గది గురించి కొంచెం ఆగి మాట్లాడుకోవాలి. టైల్స్ నేల, సిమెంటు గోడలు, కాంక్రీటు స్లాబు ఉన్న మన హాళ్లలో శబ్దం త్వరగా ఆరదు. కూర్చునే చోట నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చివర ‘ట్రర్ర్’ మన్న తోక వినిపిస్తే ఎదురెదురు గోడల మధ్య శబ్దం పరుగులు తీస్తున్నదన్నమాట. అటువంటి గదిలో రిసీవరులో ‘హాల్’, ‘స్టేడియం’ వంటి మోడ్‌లు పెడితే సంభాషణ బురదలో పడుతుంది. లెక్సికాన్ యంత్రాల రివర్బ్ పరుపులూ పరదాలూ ఉన్న మెత్తని గదిలో వినిపించేంత హాయిగా ఇక్కడ వినిపించదు. సోఫాకూ టీవీకీ నడుమ మందమైన తివాచీ, ఒక పక్క గోడకు నేల దాకా వేలాడే దళసరి కర్టెన్లు, మరో పక్క పుస్తకాల బీరువా ఉంటే చాలావరకు కుదురుతుంది. కొత్త స్పీకర్లకు పెట్టే డబ్బులో పదో వంతు ముందు ఇక్కడ ఖర్చు చేయమని నా సలహా.

చివరిగా వినే మోడ్‌ను ఎంచుకోవాలి. అయిదు దారులుగా విడిగా రికార్డయిన సినిమాను ఉన్నది ఉన్నట్టుగా వినండి. టీవీలో వచ్చే స్టీరియో కార్యక్రమానికి రెండు దారుల శబ్దాన్ని అన్ని స్పీకర్లకూ పంచే డాల్బీ సరౌండ్ వంటి మోడ్ పెట్టుకోవచ్చు. పాత తెలుగు సినిమాలలో చాలా వాటిది మోనో, అంటే ఒకే దారి శబ్దం. ఈ మోడ్‌లో ఆ శబ్దమంతా మధ్య స్పీకరు నుంచే వస్తుంది, మిగిలినవి మౌనంగా ఉంటాయి. స్పీకర్లు పాడయ్యాయనుకుని మెకానిక్‌ను పిలవనక్కరలేదు. వార్తలు చదివేవారి పెదవుల కన్నా మాట ముందుగా వినిపిస్తుంటే, టీవీ బొమ్మను తయారు చేయడానికి సమయం తీసుకుంటున్నదని అర్థం. ‘లిప్ సింక్’ అన్న చోట పదేసి మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ, పెదవులు మూసుకోవడమూ ‘ప’, ‘మ’ అక్షరాలు వినిపించడమూ ఒకేసారి జరిగే దాకా సరిచేయండి. పండుగకో ఫంక్షనుకో సోఫాను జరిపి మళ్లీ వేసినప్పుడు దూరాలు మారి ఉంటాయి కనుక టేపును టీవీ కింది అరలోనే ఉంచుకోండి.