ఇంగ్లీషులో 'టూ' ఎలా వాడాలి? 'వెరీ'తో కలిపేయకుండా

పెన్ను, కాగితం చాలు. అనువాద యాప్ పక్కన పెట్టండి. 'చాలా' అని కొడితే ఏదో ఒక మాట ఇస్తుంది గానీ ఎందుకో చెప్పదు.

ముందు స్పెల్లింగ్. మనకు కావలసింది రెండు 'ఓ'లున్న టూ. ఒక్క 'ఓ' ఉన్న టు పని వేరు. 'మీ టూ'లో 'కూడా' అనే అర్థంలో వచ్చేదీ మన లెక్కలోకి రాదు.

రాయబోయే మాటను ఓసారి తెలుగులో అనుకోండి. 'మరీ' అతికితే టూ, 'చాలా' చాలనుకుంటే వెరీ. మహారాష్ట్రలోని సిరొంచలోనో ధర్మాబాద్‌లోనో ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నడిచే పిల్లలు ఇక్కడే పప్పులో కాలేస్తారు. మాటల్లో మరాఠీ 'ఖూప్' (చాలా) రెండు చోట్లా చెల్లిపోతుంది మరి. మరాఠీలో ఆలోచించే అలవాటుంటే 'జరా జాస్తచ్' (కాస్త ఎక్కువే) పెట్టి చూడండి, కుదిరితేనే టూ. పెళ్లి భోజనం ఫొటో కింద 'టూ గుడ్' అని రాయడం స్నేహితుల మధ్య నడుస్తుందేమో గానీ, పరీక్షలోనూ దరఖాస్తులోనూ 'వెరీ గుడ్' అనే రాయాలి. ధర్మాబాద్ మిర్చి 'వెరీ హాట్' అంటే మెచ్చుకోలు. 'టూ హాట్' అంటే నోట పెట్టలేమని ఫిర్యాదు.

చోటు సంగతి తేలికే: విశేషణానికి ముందు. నామవాచకమైతే లెక్కపెట్టగలిగే వాటికి 'టూ మెనీ బ్యాగ్స్', లేనివాటికి 'టూ మచ్ సాల్ట్'. 'టూ మచ్ హాట్' తప్పు. ఇంకా గట్టిగా చెప్పాలంటే తిరగేసి 'మచ్ టూ హాట్' అనండి.

ఇక అసలు చిక్కు టూ–టు జోడీ. వానాకాలంలో ప్రాణహిత గురించి 'ద రివర్ ఈజ్ టూ డీప్ టు క్రాస్' అన్నామనుకోండి. దాటలేనంత లోతని అర్థం. 'నాట్' ఎక్కడా కనబడదు, ఆ 'లేకపోవడం' టూ కడుపులోనే ఉంది. తెలుగులో 'దాటలేనంత' అంటాం కాబట్టి చెయ్యి ఊరుకోక 'టూ డీప్ నాట్ టు క్రాస్' అని రాసేస్తుంది. అప్పుడు దాటక తప్పనంత లోతని అర్థం వస్తుంది! నాట్ పెట్టొద్దు. చివర 'క్రాస్ ఇట్' అనీ రాయొద్దు. ఆ 'ఇట్' నదే, నది వాక్యం మొదట్లోనే వచ్చేసింది.

ఎవరికి చేతకాదో చెప్పాలంటే మధ్యలో ఫర్ తీసుకురండి: 'ద బ్యాగ్ ఈజ్ టూ హెవీ ఫర్ మీ టు లిఫ్ట్.'

పదో తరగతిలో 'టూ తీసేసి రాయండి' అని అడిగితే పిల్లలు తడబడేది దీని దగ్గరే. జవాబు: 'ద బ్యాగ్ ఈజ్ సో హెవీ దట్ ఐ కెనాట్ లిఫ్ట్ ఇట్.' టూ పోయి సో వచ్చింది. 'ఫర్ మీ' కాస్తా 'ఐ' అయింది. దాగిన నిషేధం 'కెనాట్'గా బయటపడింది. ఇందాక వద్దన్న 'ఇట్' ఇప్పుడు తిరిగి రావాలి, ఎందుకంటే దట్ తర్వాతది పూర్తి వాక్యం. రాయడానికి ముందే ఈజ్ ఉందో వాజ్ ఉందో చూసి దాని కింద గీత గీయండి. వాజ్ అయితే 'కుడ్ నాట్'. గైడ్లు 'సో–దట్–కెనాట్' అని మంత్రంలా బట్టీ పట్టిస్తాయి. 'హీ వాజ్ సో వీక్ దట్ హీ కెనాట్ వాక్' లాంటి వాక్యాలు పుట్టేది అందుకే. 'నడవలేకపోయాడు' అని ముందు తెలుగులో అనుకుని రాస్తే ఆలస్యమైనా క్రియ కాలం (టెన్స్) తప్పు పోదు.

ఈ మార్పు అన్నిటికీ పనికిరాదు. 'ఐ యామ్ ఓన్లీ టూ హ్యాపీ టు హెల్ప్' అంటే సంతోషంగా సాయం చేస్తానని, అందులో నిషేధం లేదు. దాన్ని సో–దట్‌లోకి లాగకండి. 'నాట్ టూ బ్యాడ్' అంటే ఫర్వాలేదని.

'టూ స్మాల్ ఎ హౌస్' అనేది తప్పు కాదు, పుస్తకాల్లో కనిపిస్తుంది. రాసేటప్పుడు మాత్రం 'ద హౌస్ ఈజ్ టూ స్మాల్' అనండి, 'ఎ' ఎక్కడ పెట్టాలన్న తంటా ఉండదు.